మనోళ్ళు ఓడిపోయిన ఏడాది

గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే మొన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి నా కూతురి కన్నా చిన్నది. సన్నటి గొట్టం ఒకటి లోపలికి పెట్టి, నా గొంతును నాకే తెర మీద చూపించి, "టీచరుగా పనిచేశారా ఆంటీ? పాటలేమైనా పాడేవారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి గట్టిగా అరిచే అలవాటుందా?"

"చిన్నప్పుడు ఒక ఫుట్‌బాల్ జట్టు కోసం అరిచాను," అన్నాను.

ఆమె నవ్వింది. అప్పటి అరుపులకు ఇప్పుడు గొంతు పోదని, ఇది వయసుతో వచ్చేదేనని చెప్పి, వారం రోజులు నోరు విప్పొద్దని చీటీ రాసిచ్చింది. మాట్లాడకుండా ఇంట్లో కూర్చుంటే మనిషి ఎక్కడికి పోతుంది, వెనక్కే పోతుంది. ఆ వారమంతా నేను నా చిన్ననాటి చిలకలగూడలోనే ఉన్నాను.

మా వాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడ చిన్న కాఫీ హోటలు పెట్టారు. ముందు నాలుగు బల్లలు, వెనక వంటిల్లు, ఆ వెనక వాకిలి. వాకిలికి అటు పక్క ఇంటిగలావిడ ఉండేది. నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్మేది. సాయంత్రం ఇంటికి రాగానే కొత్తిమీర, తడి గోనెసంచీ కలిసిన వాసన ఆమెతోపాటు వాకిట్లోకి వచ్చేది. మా వైపు నుంచి అల్లప్పచ్చడి వాసన ఎదురెళ్ళేది. ఈ రెండూ కలిసిన చోట నేను బొంగరం ఆడుకునేదాన్ని.

పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. అతన్ని నేను అన్నా అనేదాన్ని. లోకమంతా గోలీ అనేది. మా జట్టుకు గోల్‌కీపరు అతనే. జట్టుకు రిజిస్టరులో ఏదో పెద్ద పేరుండేది కానీ గల్లీలో ఎవరూ ఆ పేరు పలికేవారు కాదు. మనోళ్ళు, అంతే. "ఈ ఆయితారం మనోళ్ళకు ఎవలతోని?" "మనోళ్ళు గెలిచిండ్రంట!" రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు కెప్టెను. ముందు వరసలో ఆడి గోల్స్ కొట్టేది ఒక దర్జీ. జెర్సీలన్నీ అతనే కుట్టాడు. ఎర్ర గుడ్డే తెచ్చాడట గానీ రెండు ఉతుకులకు అవి గులాబీ రంగులోకి దిగాయి. వేరే జట్ల వాళ్ళు దాన్ని చూసి నవ్వేవారు. మేం మాత్రం ఎర్ర జెర్సీలనే అనేవాళ్ళం.

అన్న తెల్లవారుతూనే మార్కెట్‌లో లారీల పక్కన నిలబడేవాడు. అప్పట్లో హోల్‌సేల్ కూరగాయలు కూడా మోండాలోనే దిగేవి. ఇవాళ ఆ హడావుడంతా బోయిన్‌పల్లికి వెళ్ళిపోయింది. లారీ మీదివాళ్ళు క్యాబేజీ గడ్డలు విసురుతుంటే అన్న పట్టి బుట్టలో వేసేవాడు. ఎటు విసిరినా సరే, ఒక్కటి నేలపాలయ్యేది కాదు. బడి లేనిరోజు పెద్దమ్మ వెంట వెళ్ళి నోరు తెరుచుకుని అదే చూసేదాన్ని. ప్రపంచంలో అన్న చేతుల్ని దాటి వెళ్ళగలిగింది ఏదీ లేదని నా నమ్మకం.

ఆ ఏడాది లీగు మొదలయ్యాక వరసగా ఐదు ఆటలు మనోళ్ళు ఓడలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికల్లా గల్లీ ఖాళీ అయిపోయేది. సైకిళ్ళ మీద ముగ్గురేసి, కాలినడకన గుంపులు గుంపులు. పెద్దమ్మ పెద్ద డబ్బా నిండా ఉడికించిన శనగ గుడాలు, పైన తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి నెత్తిన పెట్టుకునేది. సగం ఆటకు ఆడేవాళ్ళు చప్పరించడానికి నిమ్మకాయ చెక్కలు నా సంచిలో ఉండేవి. గ్రౌండు గట్టు మీద గోనెసంచీ పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆట మొదలైన క్షణం నుంచి ఆమె నోరు మూసేది కాదు.

"ఏందిరా గిట్ల నడుస్తున్నవ్, పెండ్లికి పోతున్నవా? ఉరుకు!"

ఆడవాళ్ళు ఆ గట్టు మీద మరెవరూ ఉండేవారు కాదు. నాన్నకు నేను అక్కడికి వెళ్ళడం నచ్చేది కాదు. "ఆడపిల్ల మైదానంలో అరుపులేవిటమ్మా," అని నాయనమ్మ దగ్గర గొణిగేవాడు. నాయనమ్మ పెసరపప్పులో రాళ్ళేరుతూ, "ఇంట్లో అరిస్తే నువ్వు పడుకోనివ్వవు. అక్కడే అరవనీ," అనేది. ఆమె మాత్రం ఎన్నడూ రాలేదు. బంతి వెంట పడే పనికి ఆమె దృష్టిలో విలువ లేదు.

ఆరో ఆట పచ్చ జెర్సీల జట్టుతో. గెలిస్తే లీగులో అందరికన్నా పైన మనమే. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయిది పచ్చ జెర్సీల గల్లీ. వారం రోజులుగా నేను ఆమెకు చెప్పని గొప్ప లేదు. మా అన్న క్యాబేజీల సంగతి కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం వాన పడి గ్రౌండంతా బురద. ఆట చివరిదాకా ఎవరికీ గోలు లేదు. ఇంకో రెండు నిమిషాలుందనగా పచ్చ జెర్సీవాడొకడు దూరం నుంచి అయిష్టంగా తన్నినట్టు ఒక బంతి తన్నాడు. అది నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చింది. చంటిపిల్లాడు కూడా ఆపగలిగే బంతి. అన్న వంగాడు. బంతి రెండు చేతుల మధ్యనుంచి, రెండు కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది. అన్న వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

ఆ రోజు పెద్దమ్మ మొదటిసారి నోరు మూసుకోవడం చూశాను.

ఆ తర్వాత ఏదో తాడు తెగినట్టయింది. తరవాతి ఆట ఓడాం, మూడు గోల్స్. దాని తరవాతిది ఓడాం. ఆ పైన ఓడని ఆదివారం లేదు. ఇది వరకు ఎటు తన్నినా పట్టేసే అన్న ఇప్పుడు బంతి రాకముందే భయపడేవాడు. కెప్టెను అందరి మీదా అరిచేవాడు, దర్జీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గట్టు మీద జనం వందలనుంచి పదులయ్యారు. ఉన్నవాళ్ళు కూడా అన్నను తిట్టడానికే వచ్చినట్టుండేది. "గోలీ కాదురా, జల్లెడ! జల్లెడ!" అని ఎవరో అన్నారు. ఆ మాట గల్లీకి అతుక్కుపోయింది. పాలవాడు అనేవాడు, మంగలి అనేవాడు, మా హోటల్లో ఇడ్లీ తింటూ అనేవారు.

బడిలో పచ్చ గల్లీ అమ్మాయి రోజూ నా ముందు వంగి, కాళ్ళు ఎడం పెట్టి నిలబడి చూపించేది. క్లాసంతా నవ్వేది. నాకు ఆమె మీద కాదు, అన్న మీద కోపం వచ్చింది. ఎందుకంటే చెప్పలేను. నేను అంత నమ్మితే నన్ను ఇట్లా చేస్తాడా అని. పదేళ్ళ పిల్లకు నమ్మకం పోవడమంటే తనను ఎవరో మోసం చేసినట్టే.

ఒక రోజు బడి నుంచి రాగానే, వాకిట్లో ఎవరూ లేని వేళ, మా వంటింటి గోడకున్న పిండి జల్లెడ తీసుకుని వెళ్ళి పెద్దమ్మ గుమ్మానికి, తోరణం కట్టే మేకుకు తగిలించాను. ఎవరూ పురమాయించలేదు. నా బుర్రకే తట్టింది. తగిలించి, మా బియ్యం బస్తాల వెనక కూర్చుని చూస్తున్నాను.

ముందు అన్న వచ్చాడు. గుమ్మం ముందు ఆగాడు. చాలాసేపు ఆ జల్లెడను చూస్తూ నిలబడ్డాడు. కోపంతో విసిరికొడతాడనుకున్నాను. రెండు చేతులతో నెమ్మదిగా దించి, అరుగు మీద బోర్లించి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నాకు నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. బస్తాల వెనక నుంచి ఎట్లా లేవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం అన్న ప్రాక్టీసుకు వెళ్ళలేదు. కెప్టెను వచ్చి బతిమాలితే లోపలినుంచే "నేను ఆడను, వేరేటోన్ని సూస్కోండ్రి," అన్నాడట.

మర్నాడు పొద్దున పెద్దమ్మ మా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో జల్లెడ. అందులో కాగితం పరిచి, నాలుగు వేడి సర్వపిండి రొట్టెలు పెట్టింది.

"అమ్మా, మీ జల్లెడ మా గుమ్మం కాడికి వచ్చింది. పోరగాళ్ళు ఆడుకుంట తెచ్చిండ్రేమో. నాకు సుత పిండి జల్లించుకునే పని పడ్డది, ఎట్లనో వచ్చింది గదా అని వాడుకున్న. ఏమనుకోకుండ్రి."

జల్లెడ అంచు ఊడిపోకుండా నాయనమ్మ కట్టిన ఎర్ర గుడ్డ పీలిక దానికి వేలాడుతోంది. అది మాదని వాకిట్లో అందరికీ తెలుసు. పెద్దమ్మ నా వైపు చూడలేదు. నాయనమ్మ చూసింది. నేను చేతిలో ఉన్న ఇడ్లీ ముక్కను చూశాను.

పెద్దమ్మ వెళ్ళాక నాయనమ్మ రొట్టెలు పళ్ళెంలోకి తీసి, నన్ను రోలు పక్కన కూర్చోబెట్టింది.

"నువ్వేనా?"

దెబ్బ కోసం వీపు వంచాను.

"కొడితే నీకు తేలికైపోతుందే. కొట్టను," అంది. "ఇంకెన్ని ఆటలున్నాయి వాళ్ళకి?"

"నాలుగు."

"నాలుగింటికీ వెళ్తావు. వెళ్ళి, ఆ కుర్రాడి పేరు చెప్పి అరుస్తావు. జనం నవ్వినా అరుస్తావు, ఓడిపోతున్నా అరుస్తావు. నువ్వు అరుస్తున్నావో లేదో చూడ్డానికి నేనూ వస్తాను."

ఆ సాయంత్రం ఆమె నన్ను వెంటబెట్టుకుని అన్న గది ముందు అరుగు మీద కూర్చుంది. అన్న తలుపు తీసి, పెద్దావిడను చూసి ఒద్దికగా నిలబడ్డాడు.

"ఆదివారం ఆట చూడ్డానికి వస్తున్నాం బాబూ," అంది నాయనమ్మ.

"నేను ఆడుతలేనమ్మా."

"అదీ విన్నాను. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో నెల్లాళ్ళపాటు మా హోటల్లో ఇడ్లీ ఒక్కడు తినలేదు. పిండి పులిసిపోయేది, ఇక్కడి ఎండ మాకు అంతుపట్టేది కాదు. మిగిలినదంతా గేదెలకి పెట్టేదాన్ని. మర్నాడు మళ్ళీ పప్పు నానబోసేదాన్ని. మా అబ్బాయి మానేద్దాం అమ్మా అన్నాడు. పొయ్యి ఆరిపోతే వచ్చేవాడు కూడా రాడు కదా అన్నాను." లేచి చీర దులుపుకుంది. "నువ్వొస్తే సరే సరి. రాకపోతే ఖాళీ గోలునే చూసి వస్తాం. మాకు వేరే పనేం లేదు."

అన్న నా తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళాడు. ఆ చెయ్యి బరువుకు నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం గట్టు మీద గోనెసంచీ పరిచింది ముగ్గురమే. ఆటగాళ్ళు ఒక్కొక్కరే దిగారు. అందరికన్నా చివర, తల దించుకుని, అన్న వచ్చాడు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "అరే, వచ్చిండు నా కొడుకు!" అని కేకేసింది.

నేను అరిచాను. మొదట సిగ్గేసింది. వెనక నలుగురు కుర్రాళ్ళు నా గొంతును వెక్కిరించారు. నాయనమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఊరుకున్నారు. మళ్ళీ అరిచాను. ఆ రోజు ఒక్క గోలుతో ఓడాం. కానీ ఒక్కటే గోలు. అన్న అటు ఎగిరి, ఇటు పడి, మోచేతులు గీరుకుపోయేలా ఆడాడు.

నాయనమ్మకు ఆట నేర్పే పని పెద్దమ్మ తీసుకుంది. ఆఫ్‌సైడు నిబంధన ఒక్కటే కొరుకుడు పడలేదు. పెద్దమ్మ గుడాల గింజలు పేర్చి రెండు ఆటలపాటు చెప్పింది. చివరికి నాయనమ్మే తేల్చింది. "పంక్తిలో ఇంకా ఎవరూ లేవకముందే ముందుకెళ్ళి కొత్త విస్తరి పట్టుకు కూర్చోవడం. అంతేగా? తప్పే మరి." ఆ తరవాత రిఫరీ ఈల ఊదకముందే "విస్తరి! విస్తరి!" అని అరిచేది. ఎక్కువసార్లు ఆమె చెప్పిందే సరైంది.

రెండో ఆట సమంగా ముగిసింది. మూడోది గెలిచాం. దర్జీ రెండు గోల్స్ కొట్టి, పరుగెత్తుకుంటూ వచ్చి మా గోనెసంచీ ముందు మోకాళ్ళ మీద కూలబడి గుడాల డబ్బాలో చెయ్యి పెట్టాడు. బుధవారానికల్లా గల్లీలో మళ్ళీ సైకిళ్ళ గాలి చూసుకోవడం మొదలైంది. కిందనుంచి రెండు జట్లు కింది డివిజన్‌కి పడిపోతాయి. చివరి ఆట గెలిస్తే మనోళ్ళు నిలబడతారు. లేకపోతే లేదు.

చివరి ఆదివారం నాన్న హోటలు తలుపు దించేశాడు. టిఫిను వేళ తలుపు దించడం నేను పుట్టాక అదే మొదటిసారి. "అరుపులేవిటో నేనూ చూస్తాను," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

మొదట మనకే గోలు. ఆ తరవాత వాళ్ళూ కొట్టారు. ఒకటికి ఒకటి. ఆట అయిపోవచ్చిందనగా మనవాడొకడు గోలు ముందు చేత్తో బంతి తాకాడు. పెనాల్టీ. గట్టు మీద జనమంతా లేచి నిలబడ్డారు. వెనక ఎవడో మెల్లగా "జల్లెడ" అన్నాడు. నేను లేచి నా ప్రాణమంతా కూడగట్టి "అన్నా!" అని అరిచాను. ఆ అరుపుకు మర్నాటి నుంచి రెండు రోజులు నాకు మాట రాలేదు.

అన్న ఎడమకు దూకాడు. బంతి అతని అరచేతికి తగిలి గట్టు అవతల పడింది.

నాన్న నన్ను ఎత్తుకుని గాల్లోకి ఎగరేశాడు. ఆ క్షణానికి మేం లీగు మొత్తం గెలిచినంత సంబరం. కానీ ఆట ఇంకా ఉంది, మాకు ఇంకో గోలు కావాలి. చిట్టచివరి నిమిషంలో దర్జీ కొట్టిన బంతి గోలు కొయ్యకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ చప్పుడు గ్రౌండంతా వినపడింది. రిఫరీ ఈల ఊదేశాడు. ఒకటికి ఒకటే. మనోళ్ళు కిందికి పడిపోయారు.

జనం సైకిళ్ళెక్కారు. నాయనమ్మ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. పెద్దమ్మ డబ్బా మూత ఎంతకీ పట్టించలేకపోయింది. అన్న గోలు కొయ్యకు ఆనుకుని నేల మీద కూలబడి ఉన్నాడు. నేను నిమ్మచెక్క ఒకటి పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. ఇవ్వడానికి బదులు నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అన్నా, ఆ జల్లెడ నేనే తగిలించాను."

"ఎర్కనే చెల్లె."

"ఎట్లా?"

"ఎర్ర పీలిక సూసిన గదా. ఆ దినమే ఎర్క."

"కోపం రాలేదా?"

"మస్తొచ్చింది." నా చేతిలోంచి నిమ్మచెక్క తీసుకున్నాడు. "ఇగ ఆయితారం నాడు గట్టు మీదికెల్లి నీ గొంతు ఇనబడ్డది. జల్లెడ తగిలిచ్చిన పిల్లనే వచ్చి ఒర్రుతుంటే నేను మల్ల పోయి ఇంట్ల ఎట్ల కూసుంట?" దాన్ని చప్పరిస్తూ, "జెర తక్కువ ఒర్రు. గొంతు పోతది," అన్నాడు.

మనోళ్ళు మళ్ళీ పైకి రావడానికి మూడేళ్ళు పట్టింది. తరవాత ఇంకోసారి పడ్డారు, ఇంకోసారి లేచారు. ఆటగాళ్ళు పెళ్ళిళ్ళయి, బదిలీలయి, మోకాళ్ళు పోయి ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎప్పుడు ఆగిపోయిందో సరిగ్గా ఎవరికీ తెలియకుండానే జట్టు ఆగిపోయింది. గ్రౌండు గట్టు ఉన్నచోట ఇప్పుడు ఒక అపార్టుమెంటు వాళ్ళు కార్లు నిలుపుతారు. వాకిలీ లేదు, హోటలూ లేదు. నాయనమ్మ పోయినప్పుడు పాడె మోసినవాళ్ళలో అన్న ఒకడు, దర్జీ ఒకడు. ఆ వరసలో వాళ్ళనెవరూ పిలవలేదు, వాళ్ళే వచ్చి భుజం పెట్టారు.

జట్టు బాగా ఆడిన రోజులు నాకు అంతగా గుర్తులేవు. గెలుపులన్నీ కలిసి ఒకే సంబరంలా కలిసిపోయాయి. ఓటములు మాత్రం ఒక్కొక్కటి విడివిడిగా, వాన, ఎండ, ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాంతో సహా గుర్తున్నాయి. అన్నిటికన్నా స్పష్టంగా గుర్తున్నది పడిపోయిన తరవాతి ఏడాది మొదటి ఆట. కింది డివిజన్ వాళ్ళకు మంచి గ్రౌండు ఇచ్చేవారు కాదు. బోయిన్‌పల్లి అవతల ఎక్కడో, గడ్డి లేని ఒక మట్టి నేల. గోలు వెనక గేదెలు మేస్తున్నాయి. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి వెళ్ళాం. చూడ్డానికి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాను. మేం ముగ్గురం, నాన్న, గేదెలు కాసే తాత, దారిన పోతూ సైకిలు ఆపిన ఒక పాలవాడు.

ఆ రోజు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. దుమ్ము కొట్టుకుపోయి, దాహంతో, బస్సు కోసం తిరిగి నడుస్తున్నాం.  డబ్బా నెత్తిన పెట్టుకున్న పెద్దమ్మ నడుస్తూ నడుస్తూ ముందు పోతున్న కెప్టెన్ని పిలిచింది.

"ఏమయ్యా, వచ్చే ఆయితారం ఆట ఎన్ని గంటలు గొట్టంగ?"

"మూడు గంటలు గొట్టంగ, పెద్దమ్మా."

"ఎండలనా? మంచిగుంది," అంది ఆమె. నాయనమ్మ నా వైపు తిరిగి, "ఒంటిగంటకల్లా బయల్దేరాలి, ఇవాళ ఆలస్యమైంది," అంది.

సరేనని తలూపాను. అప్పటికే నా గొంతు పోయింది.